ఆకు లేకుండా వచ్చినవాడు

పట్టుపురుగులు మేసే ఇంట్లోకి మా వైపు పరాయి మనిషిని రానివ్వరు. చుట్టాలు వచ్చినా వాకిట్లోనే. సున్నపు నీళ్లలో కాళ్లు ముంచి, చేతులు కడుక్కుని, ఒంటిమీద ఏ వాసనా లేకుండా ఇంటిమనుషులు మాత్రమే లోపలికి పోవాలి. లేకపోతే పంట పోతుందని భయం.

అలాంటి ఇంట్లోంచి ఆ శుక్రవారం పొద్దున అంబరీష్ అనే పరాయి మనిషి బయటికి వచ్చాడు.

నవ్వుకుంటూ వచ్చాడు. అతని వెనకాల ఆ ఇంటమ్మాయి ధన్య వచ్చింది. ఆమె కూడా నవ్వుతోంది.

నేను బైక్ మీద మల్బరీ కొమ్మల కట్ట పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను. రెండేళ్లుగా పొద్దున్నే అక్కడ నిలబడుతున్నాను. మా తోటలో ఆకు కోసి, తెల్లారేసరికి తెచ్చి, వాళ్ల పురుగుల ఇంటి తలుపు దగ్గర దించడం నా పని. ఆ తలుపుకు ఈగ దూరకుండా నైలాన్ వల కట్టి ఉంటుంది. వలకు ఇవతల నేను, అవతల ధన్య. రెండేళ్లలో మేం మాట్లాడుకున్నదంతా ఆ సన్నటి కన్నాల గుండానే. ఆమె ముఖం నాకెప్పుడూ చిన్న చిన్న గళ్లుగానే కనబడింది.

అతనికి మాత్రం మధ్యలో ఆ గళ్లు లేవు.

అంబరీష్ దగ్గరికి రాగానే సెంటు గుప్పున కొట్టింది. ఒకసారి నేను తలకు వాసన నూనె రాసుకుని వస్తే, ధన్య వాళ్ల అవ్వ హనుమక్క చీపురుకట్ట తీసుకుని నన్ను రోడ్డు దాకా తరిమింది. "పురుగులు సచ్చిపోతాయి రా, నీ సింగారం తగలెయ్య!" అని ఆవని ఊరంతా వినేలా అరిచింది. ఇప్పుడు అదే హనుమక్క అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ, "పైలంగా పో నాయనా" అని అతన్ని సాగనంపుతోంది.

"హాయ్ బ్రో, నువ్వేనా మునేష్? ధన్య చెప్పింది. సండే కలుద్దాం" అని అంబరీష్ నా భుజం తట్టి, కారెక్కి వెళ్లిపోయాడు. ధన్య కట్ట వంక చూసి లోపలికి పోయింది.

"ఎవరవ్వా అది?" అన్నాను.

"బెంగుళూరాయన. జనాన్ని పిల్చుకొనొచ్చి మన బెట్ట చూపిస్తాడంట."

"బెట్ట చూపించేది నేను గదా?"

"నువ్వు చూపిస్తే ఎవురు చూస్తారు రా? గంగరాజులు, నొలంబ రాజులు అని నువ్వు మొదలుపెడితే నాకే నిద్దరొస్తాది."

నేను ఎంఏ హిస్టరీ. మా ఇంట్లో పదో తరగతి దాటినవాణ్ని నేనొక్కణ్నే. వారమంతా నాయనతో తోటపని, శని ఆదివారాలు మేం బెట్ట అని పిలిచే ఆవని కొండకు వచ్చేవాళ్లకు గుడులు, శాసనాలు, గుహలు చూపించడం. ఏ రాజు ఏ గుడి ఎప్పుడు కట్టించాడో ఒక్క తప్పు లేకుండా చెబుతాను. వినేవాళ్లు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. అది వేరే సంగతి.

"ఆయన్ను లోపలికి ఏంటికి పోనిచ్చినారు?"

"పోవల్లన్నాడు, పొమ్మన్నాం."

"సెంటు పూసుకోనుండాడు గదవ్వా!"

"మంచి వాసనే గదరా" అంది హనుమక్క, ఒలిచిన కాయ నోట్లో వేసుకుంటూ.

నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. పురుగుల ఇంట్లోకి పోయినవాడు ఇంటిమనిషి. సెంటుతో పోయినా తిట్టు పడనివాడు మామూలు ఇంటిమనిషి కూడా కాదు, కాబోయే అల్లుడు. మా ఊళ్లో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

వల వెనకాల ధన్య వచ్చి నిలబడింది.

"కట్ట ఆడ దించప్పా. రేపు ఇంగ రెండు కట్టలు ఎక్కువ తే. నాలుగో జ్వరం నుంచి లేచినాయి, ఇంగ బాగా తింటాయి."

జ్వరం అంటే పురుగులు మేత మానేసి, కుబుసం విడిచే రోజు. నాలుగోసారి లేచాక వాటి ఆకలి చెప్పతరం కాదు.

"వచ్చినాయనకు కూడా బాగా తినిపించినట్టుండారే" అన్నాను.

"కాఫీ ఇచ్చినాము. నీకూ కావల్నా?"

"రెండేండ్లలో ఒక్కరోజన్నా అడిగినావా నన్ను?"

"నువ్వు ఒక్కరోజన్నా బండి ఆపినావా? ఇంజన్ గుడగుడమంటా ఉండంగానే గదా నువ్వు మాట్లాడేది."

నేను చప్పున కిందికి చూశాను. ఇంజన్ తిరుగుతూనే ఉంది.

"మునేషా, విను" అంది ధన్య గొంతు తగ్గించి. "ఆదివారం ఇరవై అయిదు మంది వస్తా ఉండారు. మొదటి గుంపు. పొద్దున ఏడుకు బెట్ట కింద. నువ్వు శాసనాలు చెప్పు, అవ్వ చెప్పిన కథలు నేను చెప్తా. ఇద్దర్నీ గైడులుగా పెట్టుకుంటానన్నాడు అంబరీష్."

అంబరీష్. సార్ కాదు, అన్నా కాదు. ఒట్టి అంబరీష్.

"నువ్వు గైడా?"

"ఏం, కాకూడదా?"

"ఎన్ని పుస్తకాలు చదివినావు దానికి?"

ఆ మాట నోట్లోంచి వచ్చిన తరవాత నాకే చెడ్డగా అనిపించింది. ఆమె కొమ్మల కట్టను లోపలికి లాక్కుంది.

"ఆదివారం నాకు పని ఉండాది" అన్నాను.

"ఏం పని?"

"ఉండాది."

"సరే పో. ఇంజన్ తిరగతా ఉండాది, పెట్రోలు దండగ" అంది.

*

మరుసటి రోజు కొండకు పోబుద్ధి కాక, మందు కొనడానికి ముళబాగిలు టౌనుకు వెళ్లాను. టమాటాలకు తెగులు. నా తెగులుకు ఆ కొట్లో మందు లేదు.

బస్టాండు పక్క హోటల్లో దోసె తింటుంటే ఎదురు కుర్చీ లాగి కూర్చున్నాడు అంబరీష్. తెల్లటి షర్టు, నల్ల కళ్లద్దాలు, మళ్లీ అదే సెంటు.

"బ్రో! వాట్ లక్! సండే నువ్వు రావట్లేదంట? ఎందుకు బ్రో?"

"పని ఉంది సార్."

"సార్ ఏంటి, నన్ను అంబీ అను." ట్యాబ్ తీసి నా దోసె పక్కన పెట్టాడు. "ఇది చూడు. నిన్న సాయంత్రం బెట్ట మీద తీశాను. వెబ్‌సైట్‌కి."

మొదటి ఫొటోలో ఆవని గుళ్ల గోపురం. రెండో ఫొటోలో గోపురం, దాని ముందు ధన్య. మూడో ఫొటోలో ధన్య, ఆమె వెనకాల ఎక్కడో గోపురం. నాలుగో ఫొటోకల్లా గోపురం లేదు.

బండ మీద కూర్చున్న ధన్య. చున్నీ గాలికి లేస్తే పట్టుకుంటున్న ధన్య. కోతికి కొబ్బరి ముక్క ఇవ్వబోయి భయపడి వెనక్కి దూకిన ధన్య. మొత్తం నలభై మూడు. నా ఫోన్లో ఆమె ఫొటో ఒక్కటి ఉంది. అందులో ఆమె ముందు వల ఉంది, వల మీద ఈగ ఉంది, కెమెరా ఈగను పట్టుకుంది.

"నాచురల్ కదా?" అన్నాడు అంబరీష్.

"బెట్ట బాగా పడింది" అన్నాను.

"మా బెంగుళూరు ఆఫీసులో జాబ్ ఆఫర్ చేశాను బ్రో. ఇలాంటి అమ్మాయి ఇక్కడ ఏం చేస్తుంది, పురుగులకు ఆకేసుకుంటూ? సండే వాక్ అయ్యాక చెప్తానంది."

దోసె గొంతులో అడ్డం పడింది. అతనే నీళ్లు పోసి ఇచ్చాడు. మంచివాడు. అదే నాకు ఇంకా మంట పుట్టించింది. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

"ఏమంటుంది అనుకుంటున్నారు?"

"ఎస్ అంటుంది" అన్నాడు నవ్వుతూ. "ఆమెను నేను ఇంకోటి కూడా అడిగాను. దానికీ సండేనే ఆన్సర్."

ఆ ఇంకోటి ఏమిటో నేను అడగలేదు. ఆ సిగ్గు నవ్వు ముళబాగిలు హోటల్లో కూర్చున్నవాడికి కూడా అర్థమవుతుంది.

*

ఆదివారం ఆరున్నరకల్లా నేను కొండ మీద ఒక బండ వెనకాల ఉన్నాను. పని ఉందని చెప్పినవాణ్ని, మెట్ల దారిలో ఎదురుపడలేను. ఇంట్లోనూ ఉండలేను. మధ్య దారిలో పాత వీరగల్లు, పోరులో చచ్చినవాడి పేర నిలబెట్టిన రాయి, ఉంది, గుంపులు అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటాయి. దాని వెనకే ఏనుగంత బండ. అక్కడ కూర్చుంటే అన్నీ వినబడతాయి, ఏమీ కనబడదు. నాకు వినడమే కావాలి. ఆమె ఎస్ అంటుందా, నో అంటుందా.

మబ్బు పట్టి ఉంది. కింద చెరువు, టమాటా తోటల తెల్ల ప్లాస్టిక్, దూరంగా హైవే మీద చిత్తూరు వైపు పోయే లారీలు. రోజూ చూసేవే. ఆ రోజు ఒక్కటీ నచ్చలేదు.

ఎనిమిదికి గుంపు వచ్చింది. ముందు ధన్య గొంతు.

"అందరూ కూర్చోండి. నీళ్లు తాగండి. అమ్మా, మీరు ఈ రాయి మీద కూర్చోండి, అది జారదు. ఇప్పుడు పైకి చూడండి. ఆ గుహలోనే సీతమ్మ కవలల్ని కన్నదని మా అవ్వ చెప్తాది. పుస్తకంలో ఉండాదా లేదా నాకు తెలీదు. మా అవ్వ మాత్రం పక్కనుండి మంత్రసానితనం చేసినట్టే చెప్తాది."

గుంపంతా నవ్వింది.

"ఆ రోజు వాన పడిందంట. నీళ్లు కాచుకునేదానికి ఎండు పుల్ల దొరకలేదంట. అప్పుడు ఈ ఊరి ఆడోళ్లు వాళ్ల ఇండ్ల కప్పుల్లోంచి గడ్డి పీకి తెచ్చినారంట. ఆ రాత్రి ఊరంతా నానిపోయింది, ఆ గుహ ఒకటే వెచ్చగా ఉండె. అందుకే పిల్లలు కావల్లని వచ్చే ఆడోళ్లను మా ఊళ్లో ఎవురూ ఊరికే పంపరు. ఏదో ఒకటి తినిపించే పంపుతారు."

ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నేను రెండేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు. తల కొంచెం బయటపెట్టి చూశాను. ఇరవై అయిదు మందిలో ఒక్కరి చేతిలో ఫోన్ లేదు. అంబరీష్ ఒక్కడే ఆయాసపడుతూ, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆమెనే చూస్తున్నాడు.

అతన్ని చూసి కడుపు మండింది. కాసేపటికి తెలిసింది, మంట అతని వల్ల మాత్రమే కాదు. సగం ధన్య వల్ల.

చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన లేచి, వీరగల్లు దగ్గరికి వచ్చి, "ఈ రాతి మీద ఏం రాసుందమ్మా?" అని అడిగాడు.

"అది నాకు చదవను రాదు సార్" అంది ధన్య. "చదివేవాడు ఒకడు ఉండాడు. ఎంఏ. ఈ పొద్దు అలిగినాడు."

మళ్లీ నవ్వులు.

"అయ్యో, రాలేదా?"

"వచ్చినాడు సార్. ఆ బండ వెనకాల ఉండాడు. చూడండి, కోతులన్నీ ఆడే చేరినాయి. ఆయన జేబులో ఎప్పుడూ శనక్కాయలు ఉంటాయి."

వెనక్కి తిరిగి చూశాను. ఏడు కోతులు నా చుట్టూ అరగుండ్రంగా కూర్చుని, తరగతిలో పిల్లల్లా ఓపికగా కాచుకుని ఉన్నాయి. ఒకటి నా జేబులో చెయ్యి కూడా పెట్టింది.

"ఎంఏ సార్! బైటికి రండి!" అని గుంపు కేక వేసింది.

వచ్చాను. ఏం చేస్తాను? కోతి కూడా వచ్చింది.

ధన్య ముఖంలో ఏమీ లేదు. "పని అయిపోయిందా సార్?" అని మాత్రం అడిగింది.

నేను వీరగల్లు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. వేలితో అక్షరాలు తడుముతూ చదివాను. మామూలుగా అయితే రాజు పేరుతో, సంవత్సరంతో మొదలుపెడతాను. ఆ రోజు నోట్లో అవేవీ మిగలలేదు.

"దొంగలు ఊరి పశువుల్ని తోలుకుపోతే ఒకడు వెంటపడి విడిపించి తెచ్చాడు. ఆవులు తిరిగొచ్చాయి. వాడు రాలేదు. ఊరివాళ్లు రాయి నిలబెట్టారు" అన్నాను. "పేరున్న చోట రాయి పగిలింది. ఎవరో తెలీదు."

"మా అవ్వ వానికి ఒక్కోసారి ఒక్కో పేరు పెడతాది" అంది ధన్య.

ఇదివరకైతే, అలా కల్పించకూడదని మందలించేవాణ్ని. "మంచిదే, పేరు లేకుండా పిలవలేం గదా" అన్నాను.

అప్పుడే వాన అందుకుంది. కొండ మీద వాన చినుకులతో మొదలు కాదు, ఒక్కసారే దిగుతుంది. అందరూ పైన ఉన్న రాతి మంటపంలోకి పరిగెత్తారు. అంబరీష్ తన రెయిన్‌కోట్ విప్పి ధన్యకు ఇచ్చాడు. ఆమె తీసుకుంది. ఆమె దాన్ని జారని రాయి మీద కూర్చున్న పెద్దావిడకు తొడిగి, అంబరీష్‌తో, "ఈమెను మంటపం దాకా పిల్చుకొని పో. చెయ్యి పట్టుకో, మెట్లు జారతాయి" అంది.

తరవాత నన్ను చూసి, "ఇట్లా రా" అని బండ కిందికి తోసింది.

*

బండ ముందుకు వంగిన చోట ఇద్దరికే చోటుంది. కోతులు రెండు అప్పటికే ఉన్నాయి. సర్దుకున్నాం. ఇంత దగ్గరగా, అడ్డం ఏమీ లేకుండా ఆమె ముఖం చూడడం అదే మొదటిసారి. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది. రెండేళ్లుగా ఉండే ఉంటుంది.

"ఎన్ని పుస్తకాలు చదివినావు అన్నావు గదా" అంది ధన్య. "ఇంగ అడుగు."

"తప్పయింది."

"తప్పని నాకూ తెలుసు. ఏంటికన్నావో చెప్పు."

ఇంట్లో నాకు అబద్ధం చెప్పడం నేర్పలేదు. తిప్పి చెప్పడం కాలేజీలోనూ రాలేదు.

"కడుపుమంట" అన్నాను. "అంబరీష్ మీద. ఇంగ నీ మీద కూడా."

"నా మీదా?"

"నేను రెండేండ్లు చెప్తే ఫోన్లు చూసుకున్నారు. నువ్వు ఒక్క పొద్దు చెప్తే జేబుల్లో పెట్టుకున్నారు. ఎంఏ చదివిన నేను బండ వెనకాల కూర్చోని, మీ అవ్వ చెప్పే కప్పుల గడ్డి కథకు కండ్లనీళ్లు పెట్టుకున్నాను."

ఆమె నవ్వబోయి ఆగింది. "పిచ్చోడా, కత అవ్వది. చెప్పేది ఎవురి దగ్గర నేర్చుకున్నా? శుక్రవారం వచ్చినావంటే తలుపు కాడ నిలబడి శనివారం పాఠమంతా వప్పజెప్తావు. యాడ ఆపితే బాగుంటాదో, యాడ సాగితే నిద్దరొస్తాదో వింటా వింటా నాకు తెల్సిపాయె."

"నిద్దరొచ్చేది నా దగ్గరే నేర్చుకున్నావన్నమాట."

"అది బాగా నేర్చుకున్నా" అంది. ఈసారి నవ్వింది.

వాన గట్టిపడింది. ఒక కోతి నా మోకాలి మీదికి జరిగింది.

"ఒక మాట అడుగుతా" అన్నాను. "అంబరీష్‌ని పురుగుల ఇంట్లోకి పిల్చినారు. సెంటుతో. మీ అవ్వ ఒక్క మాట అనలేదు. అంటే ఇంగ మీ ఇంటిమనిషే గదా?"

ధన్య కొంచెంసేపు నా వంక చూసింది.

"లోపల పురుగులు ఉంటే గదా, అవ్వ తిట్టేది."

"ఏంది?"

"పురుగులు లేవు మునేషా. పోయిన పంట పాలురోగం వచ్చి అంతా పోయింది గదా, ఇంగ పెట్టనని నాయన ఒట్టేసుకున్నాడు. ఆ ఇల్లు బెట్టకొచ్చేవాళ్లు ఉండేదానికి గదులు చేస్తా ఉండారు. అంబరీష్ కొలతలు తీసుకునేదానికి వచ్చినాడు."

నేను మోకాలి మీది కోతిని కిందికి దించాను.

"కొత్త పురుగులు దించినామని నువ్వే చెప్పినావే! పద్దెనిమిది రోజులుగా ఆకు తెస్తా ఉండాను!"

"అవును."

"రోజురోజుకూ పెంచమంటివి!"

"పురుగులు పెరగవా మరి?"

"లేని పురుగులా!"

"లేకపోతే మాత్రం? ఒకే లెక్కన తెమ్మంటే నీకు అనుమానం రాదా? నువ్వు ఆకు తెచ్చేవాడివి."

"జ్వరం వచ్చింది, రేపు ఆకు వద్దంటివి గదా మొన్న!"

"నాలుగో జ్వరం రావల్సిన రోజు అది. లెక్క తప్పకూడదు గదా" అంది తల దించుకుని. "ఆ పొద్దు నువ్వు రాలేదు. నాకు ఏమీ తోచలేదు. ఇంగ జ్వరం లేని పురుగులు పెట్టుకోనుంటే బాగుండుననుకున్నా."

"ఆకంతా ఏమాయె?"

"మేకలు."

వాళ్ల మేకలు ఈ మధ్య తలుపులో పట్టనంత అయ్యాయి. చూశాను కూడా. చూసినవాడికి బుద్ధి ఉండాలి గదా.

"ఏంటికి చేసినావట్లా? చెప్పింటే సరిపోతుండె."

"పురుగులు లేవంటే నువ్వు ఏంటికొస్తావు?"

"రాకూడదా? నేను వచ్చేది ఆకు కోసమా?"

"మరి ఎప్పుడన్నా ఆకు లేకుండా వచ్చినావా?" అంది ధన్య.

రెండేళ్లు. ఏడు వందల రోజులకు పైనే. ఒక్క రోజు వెతికాను నా మనసులో. పండగకు కూడా కట్టతోనే వెళ్లాను. ఇంజన్ ఆపలేదు. అతనికి కాఫీ ఇచ్చి నాకు ఇవ్వలేదని కోపం తెచ్చుకున్నాను గాని, నేను ఏనాడూ ఆ అరుగు మీద ఒక్క నిమిషం కూర్చున్నవాణ్ని కాను.

"లేదు" అన్నాను.

ఆమె గోటితో బండ మీది పాచి గీకుతోంది.

"అంబరీష్ రెండు అడిగినాడంట" అన్నాను. "ఇంకోటి ఏందో నాకు తెలుసు. ఏం చెప్పినావు?"

"పైకి వచ్చేటప్పుడే చెప్పేసినా. ఉద్యోగం ఈడైతే చేస్తా, బెంగుళూరికి రాను అన్నా. మా బెట్టను యాడికి పిల్చుకొని పోను?"

"రెండోది?"

"రెండోదానికి, నాకు ఒకడు ఉండాడు అన్నా. బాగా చదువుకున్నాడు, నోరు మాత్రం రాదు, కాచుకోనుండానన్నా." తల ఎత్తింది. "ఎన్నాళ్లు కాచుకోవల్లనో ఆయన అడిగినాడు. నాకు తెలీదంటి."

నేను రాజుల పేర్లు, సంవత్సరాలు ఒక్క తప్పు లేకుండా చెబుతాను. ఆ క్షణాన నా పేరు అడిగినా తడబడేవాణ్ని.

"ధన్యా, నువ్వు నాకు కావల్ల" అన్నాను. "శని ఆదివారాలకు కాదు. అన్ని వారాలకు."

ఆమె నా జేబులో చెయ్యి పెట్టి, శనక్కాయలు తీసి, కోతులకు రెండు వేసి, ఒకటి ఒలిచి నాకిచ్చింది. వాన తగ్గేదాకా అలాగే కూర్చున్నాం.

మంటపం నుంచి అంబరీష్ దిగి వచ్చాడు. బట్టలన్నీ తడిసి ముద్ద. సెంటు పోయింది. మా ఇద్దరి ముఖాలు చూసి, కాసేపు అక్కడే నిలబడ్డాడు. అతనికి నవ్వు వెంటనే రాలేదు, అయినా తెచ్చుకున్నాడు.

"బ్రో, నోరొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది... అంబీ" అన్నాను.

"గుడ్. పైన జనం ఎంఏ సార్ ఎక్కడని అడుగుతున్నారు. రండి, ఇద్దరూ."

*

ఆ సాయంత్రం ఎండ ఉండగానే నేను ధన్య వాళ్లింటికి వెళ్లాను. నడిచే వెళ్లాను.

హనుమక్క అరుగు మీద ఉంది. నా చేతుల వంక చూసింది. వీధి చివరిదాకా చూసింది.

"ఆకు యాడ రా?"

"ఆకు లేదవ్వా."

"మరి ఏంటికొచ్చినావు?"

"ధన్యను అడగాలని."

"ఏం అడగాలని?"

"ధన్యనే అవ్వా."

హనుమక్క శనక్కాయల చాట పక్కన పెట్టింది. "ఒరే చిక్కెంకటప్పా!" అని లోపలికి కేక వేసింది. "ఆకు లేకుండా వచ్చినాడు వీడు. బైటికి రా!"

ధన్య వాళ్ల నాయన చిక్కవెంకటప్ప వచ్చాడు. మనిషి తక్కువ మాట్లాడతాడు. ఊళ్లో వరసకు నేను మామా అని పిలుస్తాను. చేతిలో గొలుసు, గొలుసు చివర మేక. ఏనుగు పిల్లలా ఉంది.

"మామా, ధన్యను నాకిస్తారా?" అన్నాను. ఇంకెలా అడగాలో నాకు తెలియలేదు.

ఆయన మేకను గుంజకు కట్టాడు. ముడి ఒకసారి లాగి చూశాడు.

"పురుగులు లేని ఇంటికి పద్దెనిమిది రోజులు ఆకు వస్తా ఉంటే, ఇంటాయనకు తెలీదనుకున్నారా మీరిద్దరూ?" అన్నాడు. "నేనూ మేక వైపు చూస్తా ఊరుకుంటి. వీనికెప్పుడు బుద్ధొస్తాదో చూద్దామని."

తలుపు వెనకాల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"ఇది నువ్వు అడిగేది కాదు. మీ నాయన్నూ, అమ్మనూ పిల్చుకొని రా. పెద్దోళ్లు మాట్లాడుకుంటారు. ఊరుకే ఒక మాట ముందే చెప్తా ఉండాను, ముహూర్తం ఆదివారం పెట్టేదానికి లేదు. ఇద్దరూ గుంపులు ఇడిసిపెట్టి పోతే బెట్టకొచ్చినోళ్లకు ఎవురు చెప్తారు?"

"సోమవారం పెట్టుకుంటారులే" అంది హనుమక్క. "కూర్చో రా. వీనికి కాఫీ తే పిల్లా."

మా నాయన బుధవారం వెళ్లాడు. కొత్త చొక్కా తొడుక్కుని, అమ్మను వెంటపెట్టుకుని. ఏం మాట్లాడుకున్నారో మాకెవరూ చెప్పలేదు. కార్తీకంలో సోమవారం అని మాత్రం చెప్పారు.

*

తరవాతి ఆదివారం ముప్పై మంది వచ్చారు. అంబరీష్ బోర్డు పెట్టించాడు, మా ఇద్దరి పేర్లతో. పైకి రెండు దారులున్నాయి. గుళ్ల పక్కగా శాసనాల దారి ఒకటి, గుహల మీదుగా ఇంకోటి. అందరం కొండ కింద నిలబడ్డాం.

"చరిత్ర కావాలంటే నాతో రండి" అన్నాను. "కథలు కావాలంటే ఆమెతో."

గుంపు ఒకసారి నన్ను చూసింది, ఒకసారి ధన్యను చూసింది. మొదట నలుగురు ఆమె వైపు కదిలారు. తరవాత పదిమంది. ఒక కాలేజీ లెక్చరరు కళ్లద్దాలు సర్దుకుని, మర్యాదకు నా దగ్గర కొంచెంసేపు నిలబడి, "నొలంబుల గురించి ఈమెకు కూడా తెలుసాండీ?" అని అడిగాడు.

"నాకంటే బాగా చెబుతుంది సార్" అన్నాను.

ఆయన కూడా వెళ్లాడు. నా వైపు ఎవరూ మిగల్లేదు.

కడుపులో కొంచెం మండింది. లేదని చెప్పను. చిన్న మంటే. దాన్ని అలాగే వెంటపెట్టుకుని వాళ్ల వెనకాల నడిచాను.

మొదటి మెట్టు మీద ధన్య ఆగి వెనక్కి తిరిగింది. జనాన్ని లెక్కపెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

"సార్, మీరు ఎవురి గుంపు?" అంది.

"నీ గుంపే" అన్నాను.

"అయితే ముందుకొచ్చి నిలబడండి. ఈడ రాయి మీద ఏదో రాసుండాది" అంది ధన్య.